పెదరేవులో దాక్కున్న నెట్‌వర్క్

తారక్‌ను లారీ రెండుసార్లు తొక్కింది.

మొదటిసారి గుద్దినప్పుడు అది యాక్సిడెంటనే అందరూ అనుకున్నారు. అనకాపల్లి బైపాస్ మీద మిట్టమధ్యాహ్నం అలాంటివి జరుగుతూనే ఉంటాయి. కానీ పారిపోవలసిన లారీ ఆగింది. డ్రైవరు అద్దంలో వెనక్కి చూసుకుని రివర్స్ గేరు వేశాడు. రెండోసారి తొక్కాక క్లీనరు దిగి, పడి ఉన్న మనిషి మొహమైనా చూడకుండా, అతని భుజానికున్న బ్యాగు ఊడలాక్కుని మళ్ళీ ఎక్కేశాడు. లారీ విశాఖపట్నం వైపు వెళ్ళిపోయింది.

అతన్ని దూరం నుంచి కనిపెట్టుకుంటూ వెనక షేర్ ఆటోలో వస్తున్న బిందుమాధవి ఇదంతా చూసింది.

ఆటో డ్రైవరు బ్రేకు వేశాడు. పక్కనున్న ఆడవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. ఇద్దరు కుర్రాళ్ళు దిగి పరిగెత్తారు. బిందుమాధవి మాత్రం కదల్లేదు. విభాగంలో చేరిన రోజునే నేర్పిన మొదటి రూల్ అది. మారుపేరుతో పని చేస్తున్న ఏజెంటు తోటి ఏజెంటు శవం దగ్గరకు వెళ్ళకూడదు. బోర్డు లేని ఆఫీసు వాళ్ళది. విదేశీ గూఢచారులను పట్టుకోవడం వాళ్ళ పని. లోకం దృష్టిలో ఆమెకూ తారక్‌కూ పరిచయం లేదు. అతను మెయిన్ రోడ్డులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే మెకానిక్. ఆమె నీలితీరం ట్రస్ట్‌లో ట్రైనర్. నాలుగేళ్ళుగా ఒకే కేసు మీద తిరిగిన ఇద్దరు మనుషులు రోడ్డు మీద ఎదురుపడితే తల తిప్పుకునేవాళ్ళు.

ఆమె ఆటో కడ్డీని వదల్లేదు. కళ్ళలో నీళ్ళు రాలేదు. తారక్‌ను ఎవరో వెంటాడుతున్నారనీ, వెంటనే వెనక్కి పిలిపించమనీ పై అధికారికి ఆమె మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఆయన చూద్దామన్నాడు.

*

ఆ పై అధికారి పేరు దేవీప్రసాద్. సాయంత్రం అనకాపల్లి బెల్లం మార్కెట్లో, పంచె కట్టి లాల్చీ వేసుకుని, విశాఖ నుంచి వచ్చిన వ్యాపారిలా దిమ్మల వరసల మధ్య తిరుగుతున్నాడు. బిందుమాధవి తలకు గుడ్డ చుట్టుకుని, రైతు ఇంటి ఆడమనిషిలా ఆయన పక్కకు వచ్చి నిలబడింది. అది ఆమెకు కొత్త వేషమేమీ కాదు. రోలుగుంట దగ్గర చెరకు పండించే కుటుంబంలోనే పుట్టింది.

"పాకం ముదిరిందా?" అని అడిగాడాయన. అది కోడ్. ముదరలేదు, ఇంకో పొంగు రావాలి అనేది జవాబు.

"మాడిపోయింది," అంది బిందుమాధవి.

దేవీప్రసాద్ ఒక బెల్లం ముక్క విరిచి వాసన చూస్తూ, గొంతు తగ్గించి, ముందు పని సంగతి చూడమన్నాడు. అప్పుడే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

నీలితీరం ట్రస్ట్ ఆర్నెల్ల కిందట ఎస్. రాయవరం మండలంలోని పెదరేవు అనే పాలెంలో ఇరవై పడవలకు 'అలజాడ' అనే చేతి పరికరాన్ని ఉచితంగా పంచింది. సెల్‌ఫోన్ కన్నా కొంచెం పెద్దది, నీటికి పాడవదు. గాలివాన కబురు చెబుతుంది, చేపల గుంపు ఎటుందో చూపిస్తుంది. పడవ అడుగున అరచేయంత సెన్సర్ ఒకటి బిగించారు. చేపల్ని పసిగట్టేది అదేనన్నారు. నిజానికి అది నీళ్ళలో శబ్దాలను రికార్డు చేసే మైకు. ఎల్లుండి తెల్లవారుజామున మన నౌకాదళం కొత్త జలాంతర్గామి మొదటిసారి పెదరేవు ఎదుటి సముద్రం మీదుగా వెళ్తుంది. దాని ఇంజను చప్పుడు ఒకసారి శత్రువుల చేతికి చిక్కితే, ఆ తర్వాత ఏ సముద్రంలో ఉన్నా దాన్ని గుర్తుపట్టేస్తారు. ట్రస్ట్ వెనకున్న విదేశీ ముఠాకు కావలసింది అదే.

రికార్డయిన శబ్దం పరికరం నుంచి బయటకు ఎలా వెళ్తుందన్నదే అంతు చిక్కలేదు. సిమ్ కార్డుల మీద విభాగం ఆర్నెల్లుగా నిఘా వేసింది. వాతావరణం కబుర్లు తప్ప ఏమీ పోలేదు. ఆ రహస్యం తెలుసుకున్నానని పొద్దున్నే తారక్ ఫోన్ చేశాడు. ఒక పరికరాన్ని విప్పి, బ్యాగులో వేసుకుని బయల్దేరాడు.

"ఇప్పుడు దాని అవసరం లేదు. ట్రస్ట్ డైరెక్టర్ ధనశ్రీ మన మనిషి," అన్నాడు దేవీప్రసాద్.

బిందుమాధవి ఆయన వైపు చూసింది. ఈ మాట ఆమెతో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ధనశ్రీ ఏడాదిగా రెండువైపులా పని చేస్తోందనీ, ముఠా జీతం తీసుకుంటూనే కబుర్లు తనకు అందిస్తోందనీ ఆయన చెప్పుకొచ్చాడు. ఎల్లుండి డేటా వెళ్ళే దారిని ఆవిడే విభాగం వైపు తిప్పేస్తుంది. పడవలు ఒడ్డుకు రాగానే కోస్టల్ పోలీసులు చుట్టుముడతారు. ఇరవై పరికరాలు, వాటిని మోసినవాళ్ళు, అంతా ఒకేసారి దొరుకుతారు.

"మోసినవాళ్ళంటే?"

"పడవలవాళ్ళు. జలాంతర్గామి మీద గూఢచర్యం, బిందూ. పేపర్లో మొహాలు పడాలి కదా. విచారణలో ఒకటి రెండేళ్ళు ఉంటారు, నిర్దోషులైతే వచ్చేస్తారు."

వాళ్ళకు ఆ పరికరంలో బటన్లు నొక్కడం నేర్పింది ఆమే. సర్కారు మేలు కోసం ఇచ్చిందనుకుని, ఇళ్ళలో దేవుడి పటం పక్కన పెట్టుకుని చార్జింగు చేసుకుంటున్నవాళ్ళు. ఆ మాటే ఆయనతో అంది. డ్యూటీలో ఉన్నప్పుడు పుస్తకాల తెలుగు మాట్లాడే ఆమె గొంతులోకి, కోపం పెరిగేకొద్దీ రోలుగుంట వచ్చేసింది.

"ఆళ్ళేటి సేసేరని సార్?"

దేవీప్రసాద్ బెల్లం ముక్క దిమ్మ మీద పడేసి, చేయి దులుపుకుని, రేపు మామూలుగా ట్రైనింగుకు వెళ్ళమని చెప్పి వెళ్ళిపోయాడు.

*

మర్నాడు పొద్దున్నే ఆమె అడ్డరోడ్డు దగ్గర హైవే దిగి, ఆటో పట్టుకుని పెదరేవు చేరింది. ఎండుచేపలు ఆరబెట్టిన ఇసుకలో టార్పాలిన్ పందిరి కింద పడవలవాళ్ళు కూర్చున్నారు. ముందు వరసలో ముసలయ్య. పాలెంలో అతని మాటకు విలువ. పక్కన అతని భార్య ఎరుకమ్మ, చేపలు అమ్మే ఆడవాళ్ళందరికీ పెద్ద. ఆవిడ పరికరాన్ని ఎప్పుడూ నమ్మలేదు. భర్తకు కళ్ళు సరిగా ఆనవని, అతని తరఫున నేర్చుకోవడానికి మాత్రం ప్రతి ట్రైనింగుకూ వచ్చేది.

బిందుమాధవి తన దగ్గరున్న ట్రైనింగు పరికరం ఎత్తి చూపిస్తూ మామూలు పాఠం చెప్పింది. పైన మూడు బొమ్మలుంటాయి. టవర్ బొమ్మ వెలిగితే సిమ్ పని చేస్తున్నట్టు, ఇంటర్నెట్ వస్తుంది. ముడి వేసినట్టున్న గుర్తు బ్లూటూత్‌ది, పడవ అడుగున ఉన్న సెన్సర్‌తో కలిసినట్టు. మూడోది వైఫై బొమ్మ. పాలెం వాళ్ళు దాన్ని విసనకర్ర అంటారు. ఇక్కడ వైఫై లేదు కాబట్టి అది వెలగదు, దాని జోలికి పోనవసరం లేదు.

"లేనిదానికి బొమ్మెందుకెట్టినారమ్మీ?" అన్నాడు ముసలయ్య.

అందరూ నవ్వారు. బిందుమాధవి కూడా నవ్వబోయింది. సరిగ్గా అప్పుడే ఇసుక మీద తెల్లకారు వచ్చి ఆగింది.

కారులోంచి ధనశ్రీ దిగింది. నలభై ఏళ్ళుంటాయి. లేత ఆకుపచ్చ లినెన్ చీర, నల్ల కళ్ళద్దాలు, భుజం దగ్గర పల్లూకు ముత్యం పొదిగిన పిన్నీసు. ఎండుచేపల వాసనలోకి సంపంగి అత్తరు వాసన తోసుకుంటూ వచ్చింది. ఆమె వెనక ఫాబియన్ దిగాడు. తిమింగలాల మీద పరిశోధన చేసే విదేశీ శాస్త్రవేత్త అని ట్రస్ట్ చెప్పే మనిషి. ఆర్నెల్లలో అతను తిమింగలం గురించి ఒక్క మాట మాట్లాడగా బిందుమాధవి వినలేదు.

ఆమె చేతిలోని పరికరం సన్నగా వణికింది. చూసుకుంది. విసనకర్ర వెలుగుతోంది.

ముసలయ్య చేతిలో కూడా. పందిరి కింద అందరి చేతుల్లోనూ.

బిందుమాధవి మొహంలో ఏమీ కనపడనివ్వకుండా ఏరోప్లేన్ మోడ్ నొక్కింది. అది నొక్కితే ఏ పరికరమైనా అన్ని కనెక్షన్లూ తెంచుకోవాలి. టవర్ బొమ్మ ఆరిపోయింది. విసనకర్ర మాత్రం వెలుగుతూనే ఉంది.

తారక్ తెలుసుకున్నది ఇదే. సిమ్ అంతా పైపై నాటకం. కనపడకుండా దాచిన వైఫై నెట్‌వర్క్ ఒకటుంది. దాన్ని పరికరాలు ముందే గుర్తు పెట్టుకున్నాయి. ఆ నెట్‌వర్క్ ఏ భవనంలోనూ లేదు, ఇవాళే మొదటిసారి ఒడ్డు దాకా వచ్చిన ఈ కారులో ఉంది. పడవలు తిరిగి వచ్చే వేళకు కారు ఒడ్డున నిలబడితే చాలు. ఎవరూ ఏమీ నొక్కక్కర్లేదు.

ధనశ్రీ అందరికీ నమస్కారం పెట్టి, ఈ రాత్రి చేపలు బాగా పడతాయని పరికరం చెబుతోందనీ, ఒక్క పడవ కూడా ఆగకుండా వెళ్ళాలనీ చెప్పింది. తర్వాత బిందుమాధవిని పక్కకు పిలిచి, రిపేరు కుర్రాడి సంగతి విన్నావా అని అడిగింది.

"విన్నానండీ."

"పాపం. మంచి పనితనం ఉన్నవాడు. తనది కాని వస్తువులు విప్పడమే అతను చేసిన తప్పు."

కళ్ళద్దాల వెనక కళ్ళు కనపడలేదు. బిందుమాధవి తన రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. లేకపోతే అవి ఏం చేసేవో ఆమెకే తెలియదు.

కారు వెళ్ళిపోయాక విసనకర్రలు ఒక్కసారిగా ఆరిపోయాయి. రాత్రి వేటకని మధ్యాహ్నమే పడవలను నీళ్ళలోకి తోశారు. ఆపాలని నోటి దాకా వచ్చింది. ఆపితే ధనశ్రీ జాగ్రత్త పడుతుంది. ఇంకో పాలెం, ఇంకో ఇరవై పడవలు చూసుకుంటుంది. బిందుమాధవి పళ్ళు బిగబట్టుకుని ఇరవై పడవలూ అల దాటేదాకా నిలబడి చూసింది.

*

అనకాపల్లి గవరపాలెంలో ఆమె అద్దె గదికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. ట్రైనింగు పరికరాన్ని ట్రస్ట్ ఇచ్చిన కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలిపింది. చార్జింగు ఎక్కింది కానీ కంప్యూటర్ దాన్ని గుర్తించలేదు. ఇంకో పోర్టులో పెట్టింది. అదే వరస. చాకు తీసుకుని కేబుల్ కోసింది. లోపల నాలుగు తీగలుండాలి. రెండే ఉన్నాయి. డేటా మోసే రెండు తీగలనూ తయారీలోనే తీసేశారు. ఏ కంప్యూటరూ ఈ పరికరం లోపలికి తొంగి చూడకుండా చేసిన ఏర్పాటు.

మెయిన్ రోడ్డుకు వెళ్ళి మామూలు డేటా కేబుల్ కొనుక్కొచ్చింది. ఆ దారిలో తారక్ షాపు షట్టర్ మూసి ఉంది. షట్టర్ మీద ఎవరో దండ వేశారు. ఆమె ఆగలేదు.

ఈసారి కంప్యూటర్ గుర్తించింది. విభాగం ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌తో సెట్టింగుల ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరిచింది. బ్లూటూత్ జత. సిమ్‌కు ఇంటర్నెట్ దారి చూపే ఏపీఎన్. చివర, మెనూలో ఎక్కడా కనపడని చోట, ఒక వైఫై పేరు, దాని పాస్‌వర్డ్. కింద రెండు ఆదేశాలు. నెట్‌వర్క్ దొరకగానే రికార్డింగు మొత్తం పంపు. పంపాక పరికరంలో ఏమీ మిగల్చకు.

దేవీప్రసాద్‌కు సీక్రెట్ లైన్లో ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆయన ఆశ్చర్యపోలేదు. కారులో ఒక డబ్బా ఉంది, పడవల నుంచి డేటా తీసుకుని కారు పైనున్న యాంటెన్నాతో శాటిలైట్‌కు పంపుతుంది, ఇదంతా ధనశ్రీ తనకు చెప్పిందనీ, ఆ డబ్బాలో అడ్రసు మార్చేసిందనీ, డేటా మన సర్వర్‌కే వస్తుందనీ అన్నాడు.

"మార్చిందని మీరు చూశారా?"

"ఆవిడ మాట ఇచ్చింది."

"తారక్ ఆ టైముకి బైపాస్ మీద వస్తున్నాడని ఎవరికి తెలుసు సార్? మీకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికి చెప్పారు?"

ఆయన గొంతు ఒక్కసారిగా తగ్గింది.

"దారిలో అతన్ని కారు ఎక్కించుకుంటానంది," అన్నాడు. "సాయం చేస్తానంది."

బిందుమాధవికి అరవాలనిపించలేదు. అంత కోపం అరుపులో పట్టదు. ఈ సంగతి నిరూపించడానికి ఏముందని ఆయన అడిగాడు. ఏడాది కష్టపడి సంపాదించిన ఏజెంటును ఒక అనుమానం మీద వదులుకోలేననీ, రేపు ప్లాన్ ప్రకారమే జరుగుతుందనీ, కారు జోలికి వెళ్ళవద్దనీ, ఇది ఆర్డర్ అనీ చెప్పి పెట్టేశాడు.

ఆమె లాప్‌టాప్ ముందు మళ్ళీ కూర్చుంది. డబ్బాను పగలగొడితే ధనశ్రీ ఏడ్చినట్టు నటించి తప్పించుకుంటుంది. పడవలను ఆపితే రికార్డింగులు పరికరాల్లోనే ఉండిపోయి, జాలర్లు జైలుకు వెళ్తారు. రెండూ కాని దారి ఒకటే. పడవలు తమ దగ్గరున్నదంతా డబ్బాకు ఇచ్చేయాలి. డబ్బా దాన్ని ఎవరికీ ఇవ్వకూడదు.

*

పొద్దున ఎనిమిదిన్నర దాటేసరికి పెదరేవు ఒడ్డున ఎండ చుర్రుమంటోంది. చేపలమ్మే ఆడవాళ్ళు గంపలు పట్టుకుని పడవల కోసం చూస్తున్నారు. వాళ్ళలో ఒకరిగా, ఎరుకమ్మ పాతచీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, పక్కన గంప పెట్టుకుని బిందుమాధవి కూర్చుంది. గంపలో మంచుగడ్డల మీద పాలిథిన్ కవరు, కవరులో పరికరం.

ఎరుకమ్మకు ఆమె నిజం సగమే చెప్పింది. ఆ కారులోవాళ్ళు మీ పడవలతో దొంగపని చేయించారనీ, తప్పు మీ మీదకు వస్తుందనీ. ఎరుకమ్మ కారు రావలసిన దారి వైపు చూసింది.

"మా ముసిలోడు ఆ మిషిన్ని మనవణ్ణి సూసుకున్నట్టు సూసుకున్నాడు," అంది. "నానేటి సెయ్యాలో సెప్పు."

"కారు కదలకూడదు పిన్నీ. అంతే."

తెల్లకారు వచ్చి సముద్రం వైపు ముక్కు పెట్టి నిలబడింది. వెనక డోరు తెరిచి ఉంది. సీట్లు తీసేసి బిగించిన బల్ల మీద బూడిద రంగు డబ్బా, దాని ముందు ఫాబియన్. ధనశ్రీ బానెట్‌కు ఆనుకుని నిలబడి సముద్రాన్ని చూస్తోంది. దూరంగా మొదటి పడవలు చుక్కల్లా కనపడ్డాయి.

బిందుమాధవి గంపను ఒడిలో పెట్టుకుని, మంచుగడ్డలు సర్దుతున్నట్టు వంగి, పరికరంలో వైఫై సెట్టింగులు తెరిచింది. దాచిన నెట్‌వర్క్ పేరు టైపు చేసింది. పాస్‌వర్డ్ కొట్టింది. కనెక్టయింది. బ్రౌజర్లో డబ్బా అడ్రసు కొట్టింది. లాగిన్ పేజీ వచ్చింది. డబ్బా సెట్టింగులు మార్చే యజమాని (అడ్మిన్) పాస్‌వర్డ్ వేరు. అది ఆమెకు తెలియదు.

ఫ్యాక్టరీలో పెట్టే పాస్‌వర్డ్ కొట్టింది. తప్పని వచ్చింది. ఇంక రెండు అవకాశాలున్నాయంది పేజీ. వైఫై పాస్‌వర్డే మళ్ళీ కొట్టింది. అదీ తప్పే. ఇంక ఒక్కటి.

పడవలు అలల దాకా వచ్చేశాయి. ఫాబియన్ డబ్బా మీద పచ్చలైట్లు ఒకటి తర్వాత ఒకటి వెలగడం మొదలైంది. అయిదు పడవలు. తొమ్మిది. ప్రతి లైటుకూ ధనశ్రీ తల చిన్నగా ఊగుతోంది. ఇరవయ్యోది కూడా వెలిగాక మొత్తం మూట కట్టి శాటిలైట్‌కు పంపుతారు.

బిందుమాధవి చేతులు మంచునీళ్ళలో తడిసి జారుతున్నాయి. కోపాన్ని పక్కకు నెట్టి ఆలోచించింది. పరికరాలన్నిటిలోనూ ఫైళ్ళు రాసింది ఒకే మనిషి, ఫాబియన్. ఆర్నెల్లుగా ఒకే ఆలోచన. ట్రైనర్ల పరికరాలకు అతను పెట్టిన సర్వీసు కోడ్ ఒకటుంది. స్క్రీను లాక్ పడితే దానితో తీసుకోమని ట్రస్ట్ ఆమెకు మొదటి రోజే చెప్పింది. పదిమంది ట్రైనర్లకు తెలిసిన కోడ్. బుద్ధున్నవాడెవడూ దాన్ని ఇక్కడ పెట్టడు.

ఫాబియన్ వైపు చూసింది. బల్ల మీద కాళ్ళు చాపుకుని చూయింగ్ గమ్ నములుతున్నాడు.

ఆ కోడే కొట్టింది. పేజీ తెరుచుకుంది.

పదిహేడు లైట్లు. ఆమె సెట్టింగుల్లోకి వెళ్ళింది. బయటి కనెక్షన్, శాటిలైట్, గమ్యం అడ్రసు. ఆ అడ్రసు విభాగానిది కాదు. ఎవరూ దేన్నీ మార్చలేదు. స్క్రీను ఫొటో ఒకటి తీసి, బయటి కనెక్షన్ ఆఫ్ చేసింది. యజమాని పాస్‌వర్డ్ మార్చి తనది పెట్టింది. సేవ్ నొక్కింది. దయచేసి ఆగండి అంటూ చిన్న చక్రం తిరగడం మొదలైంది.

పంతొమ్మిది. ముసలయ్య పడవ ఒక్కటే మిగిలింది. అల దాన్ని ఎత్తి ఇసుక మీదకు విసిరింది. ఇరవయ్యో లైటు వెలిగింది. ఫాబియన్ కాళ్ళు దించి పంపే మీట నొక్కాడు.

చక్రం ఆగింది. సేవ్ అయింది. డబ్బా మీద అన్నిటికన్నా పెద్ద లైటు ఎర్రగా మారింది.

ఫాబియన్ మళ్ళీ నొక్కాడు. ఎరుపే. కీబోర్డు లాక్కుని పాస్‌వర్డ్ కొట్టాడు. డబ్బా అతన్ని లోపలికి రానివ్వలేదు. అతను ఏదో అనగానే ధనశ్రీ కళ్ళద్దాలు తీసేసి చుట్టూ చూసింది. ఆర్నెల్లుగా ఆమె జాలరి ఆడవాళ్ళ మొహాలు ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. ఒక మొహం దగ్గర ఆగింది.

"ఇక్కడి నుంచి పోనీ," అంది ఫాబియన్‌తో ఇంగ్లీషులో.

ఫాబియన్ స్టీరింగు ముందుకు దూకి ఇంజను స్టార్ట్ చేశాడు, కానీ కారు ముందుకు పోలేదు. ఎరుకమ్మ గంప తీసుకొచ్చి ముందు చక్రానికి అడ్డంగా పెట్టి దాని మీద కూర్చుంది. ఆమె వెనక ముప్పైమంది ఆడవాళ్ళు నాలుగు వైపులా కూర్చున్నారు. ఎవరూ కేకలు వేయలేదు. మామూలుగా చేపల బేరానికి కూర్చున్నట్టే కూర్చున్నారు.

ఫాబియన్ చేయి చొక్కా కిందకు వెళ్ళి పిస్తోలుతో బయటకు వచ్చింది. ఆ చేయి తెరిచిన ముందు డోరు దాటుతుండగానే ఎరుకమ్మ లేచి డోరును రెండు చేతులతో తోసింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. పిస్తోలు ఇసుకలో పడింది. ముసలయ్య వచ్చి దాని మీద కాలేసి నిలబడ్డాడు.

ధనశ్రీ వాళ్ళెవరినీ పట్టించుకోలేదు. కారు అవతలి డోరు లోంచి లోపలికి దూరి, పల్లూకున్న ముత్యం పిన్నీసు ఊడదీసింది. డబ్బా వెనక సన్నటి రంధ్రం ఉంది. అందులో పిన్నుతో నొక్కితే డబ్బా మొత్తం ఖాళీ అయి, కొన్న రోజున ఉన్నట్టయిపోతుంది. రికార్డింగులుండవు, అడ్రసుండదు, సాక్ష్యముండదు. ఇరవైమంది జాలర్లు, ఇరవై ఖాళీ పరికరాలు, ట్రస్ట్ డైరెక్టర్ కన్నీళ్ళు మాత్రం మిగులుతాయి.

బిందుమాధవి వెనక డోరు లోంచి బల్ల మీదకు దూకింది. పిన్ను మొన రంధ్రంలోకి దిగుతుండగా ఆ మణికట్టు ఆమె చేతికి దొరికింది. మెలి తిప్పింది. ధనశ్రీ రెండో చేత్తో ఆమె జుట్టు పట్టుకుంది. మొహాలు జానెడు దూరంలో ఉన్నాయి.

"దేవీప్రసాద్ గారికి ఫోన్ చెయ్యి," అంది ధనశ్రీ, ఊపిరి ఎగపీల్చుకుంటూ. "నేను మీ మనిషిని."

"తారక్ కూడా మా మనిషే," అంది బిందుమాధవి.

మణికట్టు ఇంకొంచెం తిప్పింది. అంత అవసరం లేదని ఆమెకు తెలుసు. అయినా తిప్పింది. పిన్నీసు కింద పడింది.

*

కోస్టల్ పోలీసులు జీపుల్లోంచి దిగగానే దేవీప్రసాద్ ముందు నడిచాడు. ప్లాన్ ప్రకారం జాలర్లను వరసగా నిలబెట్టి పరికరాలు తీసుకున్నారు. టెక్నీషియన్ ఒక్కొక్కటీ చూశాడు. ఇరవైలో ఒక్కదానిలో కూడా శబ్దం లేదు. వాతావరణం కబుర్లున్నాయంతే. తర్వాత కారులోని డబ్బా చూశాడు. సముద్రమంతా అందులోనే ఉంది.

బిందుమాధవి తాను తీసిన ఫొటో ఆయన ముందు పెట్టింది. శాటిలైట్ గమ్యం అడ్రసు. ఆయన దాన్ని చదివి, మళ్ళీ చదివాడు. జీపులో సంకెళ్ళతో కూర్చున్న ధనశ్రీ, సార్, వీళ్ళకు మీరైనా చెప్పండి అంది. ఆయన అటు తిరగలేదు.

జాలర్లను స్టేషనుకు తీసుకెళ్ళి వాంగ్మూలాలు తీసుకోవాలని ఇన్‌స్పెక్టర్ అన్నాడు. బిందుమాధవి తడిచీరతోనే జీపుకు అడ్డంగా నిలబడింది.

"వాళ్ళ చేతుల్లో ఏముందో చూశారు. కారులో ఏముందో చూశారు. ఇంకా వాళ్ళనే తీసుకెళ్తామంటే ముందు నా వాంగ్మూలం తీసుకోండి. బైపాస్ మీద ఎవరొస్తున్నారో, ఎవరు ఎవరికి చెప్పారో అక్కడి నుంచి మొదలుపెడతాను."

దేవీప్రసాద్ మొహంలో రక్తం లేదు. వాళ్ళను పంపించేయమని చాలా నెమ్మదిగా ఇన్‌స్పెక్టర్‌కు చెప్పాడు. తర్వాత ఆమెతో ఏదో అనబోయాడు. క్షమాపణ కావచ్చు. ఆమె వినడానికి నిలబడలేదు. కొన్ని మాటలు చెప్పినవాళ్ళకే తేలిక. ఆ తేలిక ఆయనకు ఇవ్వదలచుకోలేదు.

ఆ మధ్యాహ్నం తారక్ ఇంటికి వెళ్ళింది. రూల్ ప్రకారం వెళ్ళకూడదు. అతని తల్లికి ఎవరని చెప్పాలో తెలియక, కలిసి పని చేసినదాన్నని మాత్రం చెప్పింది. ఆవిడ పక్కన కూర్చోమని చాప జరిపింది. అక్కడ కూర్చున్నాకే మొదటిసారి ఆమెకు ఏడుపొచ్చింది.

రెండు రోజుల తర్వాత పెదరేవు వెళ్ళేసరికి పేపరు పాలెం అంతా తిరుగుతోంది. ఉన్నతాధికారుల చాకచక్యంతో విదేశీ ముఠా గుట్టు రట్టయిందని పెద్ద అక్షరాలతో వేశారు. ఎరుకమ్మ చేపలు కోస్తూ, అందులో మన గురించేమైనా రాశారా అని అడిగింది. బిందుమాధవి కింద దాకా చదివి, ఎవరి పేరూ లేదని చెప్పింది. ఆ మాట చెబుతూ పేపరు నలిపేసింది.

ఎరుకమ్మ మాత్రం కత్తిపీట మీంచి తల ఎత్తలేదు.

"పోన్లే అమ్మీ. పేపర్లో పేరు పడితే ఇంకెవులో కొత్త మిషిను అట్టుకొచ్చి నేర్సుకోమంటారు."